హాజరు 140, నివారణ ఎంత?



పోయిన భాగంలో మన కవులు సిలబస్‌లో ఎప్పుడూ ఆఖరి పాఠంగానే ఎందుకు ఉంటారో రాశాను. దాని కొనసాగింపు వచ్చే వారం. ఈ వారం మధ్యలో ఆపి వేరే సంగతి రాస్తున్నా. ఆత్మహత్యల నివారణ పేరుతో మన కాలేజీల్లో, యూనివర్సిటీల్లో జరిగే కార్యక్రమాల గురించి. బరువైన విషయం. ఇప్పుడు మనసు బాగోలేక ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ముందు 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. లేదా పక్క గది తలుపు కొట్టండి. ఈ వ్యాసం ఎక్కడికీ పోదు, తర్వాత చదవొచ్చు.

నేను పనిచేసేది గుంటూరు వైపు ఒక చిన్న టౌన్లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. సుమారు 1500 మంది పిల్లలు. కౌన్సెలర్ లేరు. "మనుషుల మనసు తెలిసేది తెలుగు మేడమ్‌కే కదా" అని మానసిక ఆరోగ్య కమిటీ కన్వీనర్ పని నాకిచ్చారు. సెప్టెంబర్ 10 ప్రపంచ ఆత్మహత్యల నివారణ దినం. ఫ్లెక్సీ కట్టాం. బయటినుంచి ఒక డాక్టర్ గారు వచ్చి గంటసేపు స్లైడ్లు చూపించారు. పొద్దున్నే లేవాలి, నవ్వుతూ ఉండాలి, ఫోన్ తగ్గించాలి, పాజిటివ్‌గా ఆలోచించాలి. పిల్లలంతా లేచి చెయ్యి చాపి ప్రతిజ్ఞ చేశారు. న్యాక్ ఫైల్లో పెట్టడానికి జియోట్యాగ్ ఫొటోలు తీశాం.

ఆఖర్లో ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగితే వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి లేచాడు. బీఏ రెండో సంవత్సరం. "మేడమ్, ఆ నంబరుకి ఫోన్ చేస్తే స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుద్దో కూడా చెప్తారా?" అన్నాడు.

హాలంతా నవ్వింది. డాక్టర్ గారు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వే నన్ను ఈ వ్యాసం రాయిస్తోంది.

ఆ సాయంత్రం రిపోర్టు నింపాను. కార్యక్రమం పేరు, తేదీ, వక్త, హాజరైనవారు 140, లబ్ధి పొందినవారు 140. సంతకం, స్టాంపు, ఫొటోలు జత. ఆ 140లో ఆ అబ్బాయి కూడా ఉన్నాడు. అంటే కాగితం ప్రకారం అతనూ లబ్ధిదారుడే.

మూడో వారం నుంచి అతను క్లాసుకి రావడం మానేశాడు. పరీక్ష ఫీజు గడువు దాటిపోయింది. ఫైన్‌తో కట్టే గడువూ దగ్గరికొచ్చింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాలుగోసారికి ఎత్తాడు. గుంటూరులో మిరప కోల్డ్ స్టోరేజీ దగ్గర బస్తాలు మోస్తున్నాడు. "సర్దుకున్నా మేడమ్, ఇబ్బందేం లేదు" అన్నాడు. ఆ గొంతులో ఇబ్బంది లేకపోవడం కాదు, ఏమీ లేకపోవడం వినబడింది. మా అమ్మ కూడా మిరపకాయల కోతకి వెళ్లిన మనిషే. అలసిపోయిన గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది అది కాదు.

సూటిగా అడిగాను. "చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తుందా నాన్నా?"

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అప్పుడప్పుడు" అన్నాడు.

ఈ సంగతి అతని అనుమతితోనే, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నా. అతనిప్పుడు క్లాసులో ఉన్నాడు. ఎలా వచ్చాడో చివర్లో చెప్తాను. ముందు అసలు ప్రశ్న. ఆ రోజు మేం చేసిన కార్యక్రమం పనిచేసిందా లేదా? అది ఎలా తెలుస్తుంది?

చాలామంది ప్రిన్సిపాళ్లు, వీసీలు ఒక జవాబు చెప్తారు: "మా దగ్గర ఈ ఏడాది ఒక్క సంఘటన కూడా జరగలేదు." ఈ జవాబు ఎంత బోలుదో లెక్క వేసి చూద్దాం. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. లక్ష జనాభాకి 12.4. అందులో విద్యార్థులు 13,044 మంది. జాతీయ సగటునే మా కాలేజీకి వర్తింపజేస్తే, 1500 మందిలో దాదాపు ఐదేళ్లకు ఒక మరణం. అంటే మేం ఏమీ చేయకపోయినా వరసగా మూడు నాలుగేళ్లు 'సున్నా' రావచ్చు. ఎంతో మంచి పని చేసిన ఏడాదిలోనే ఒకటి జరగనూవచ్చు. ఒక్క కాలేజీలో మరణాల లెక్కతో ఏ కార్యక్రమాన్నీ కొలవలేం. పైగా ఆ 'సున్నా'లో చదువు మానేసి వెళ్లిపోయినవాళ్లు లేరు. ఇంటికెళ్లాక జరిగినవి లేవు. ప్రయత్నించి బతికినవాళ్లు లేరు.

మరణాలతో కొలవలేమని హాజరుతో కొలుస్తున్నారు. అది ఇంకా ఘోరం. మందు పనిచేసిందా అని అడిగితే సీసాలెన్ని కొన్నామో చెప్పినట్టు.

ఇంకో మాట. ప్రతి ఏటా వచ్చే ఆ గణాంకాల పుస్తకంలో వృత్తి ఉంటుంది, చదువు ఉంటుంది, ఆదాయం ఉంటుంది, పెళ్లయిందా లేదా ఉంటుంది. కులం గడి ఉండదు. సీటు ఇచ్చేటప్పుడు అడిగే కులం, ఫెలోషిప్ కాగితం మీద మూడుచోట్ల రాయించే కులం, క్లాసులో ర్యాంకు అడిగే నెపంతో కూపీ లాగే కులం, మనిషి చనిపోయాక లెక్కలోంచి మాయమవుతుంది. గడి లేకపోతే ప్రశ్న లేదు. ప్రశ్న లేకపోతే కార్యక్రమం అందరికీ ఒకటే: నవ్వుతూ ఉండండి.

ఇక నిజంగా పరీక్షించి చూసినవి ఏం చెప్తున్నాయి? నేను సాహిత్యం మనిషిని, సైకాలజీ నా విషయం కాదు. కానీ కన్వీనర్ అయ్యాక చదవక తప్పలేదు.

యూరప్‌లో పది దేశాల్లో 168 స్కూళ్లలో 11,110 మంది పిల్లల మీద ఒక పెద్ద అధ్యయనం జరిగింది. 2015లో 'లాన్సెట్' పత్రికలో ఫలితాలొచ్చాయి. మూడు పద్ధతులు పోల్చారు. ఒకటి, ప్రమాద లక్షణాలు గుర్తుపట్టేలా టీచర్లకు శిక్షణ. రెండు, ప్రశ్నాపత్రంతో పిల్లల్ని వడపోసి నిపుణుల దగ్గరికి పంపడం. మూడు, పిల్లలే కూర్చుని తమ కష్టాల్ని పాత్రలుగా నటించి, చర్చించి, ఇలాంటప్పుడు ఏం చేయొచ్చో తామే తేల్చుకోవడం. నాలుగో గుంపుకి గోడల మీద పోస్టర్లు మాత్రమే. ఏడాది తర్వాత చూస్తే పోస్టర్ల గుంపులో కొత్తగా ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లు 1.51 శాతం. పిల్లలే మాట్లాడుకున్న గుంపులో 0.70 శాతం. సగానికి తగ్గింది. మిగతా రెండు పద్ధతులకీ పోస్టర్లకీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

అవి పదిహేనేళ్ల యూరప్ పిల్లలు, మన హాస్టళ్లు కావు. అలాగే దించుకోలేం. కానీ మనం చేసేది చూడండి. మన కార్యక్రమాల్లో మాట్లాడేది ఎవరు? వేదిక మీదివాళ్లు. వినేది? పిల్లలు. ఆ అబ్బాయి అడిగిన ఒక్క ప్రశ్నే ఆ రోజు జరిగిన అసలు కార్యక్రమం. దాన్ని మేం నవ్వేసి ముగించాం.

రెండోది, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు చోట్ల చేసిన అధ్యయనం. అందులో మన చెన్నై కూడా ఉంది. ఆత్మహత్యాయత్నం చేసి ఆసుపత్రికొచ్చిన 1,867 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి మామూలు వైద్యం. రెండో గుంపుకి దాంతోపాటు ఒక గంట మాట్లాడటం, ఆ తర్వాత పద్దెనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేసో, ఇంటికెళ్లో పలకరించడం. అంతే. 2008లో వచ్చిన ఫలితం: మామూలు గుంపులో ఆత్మహత్యతో పోయినవాళ్లు 2.2 శాతం, పలకరించిన గుంపులో 0.2 శాతం. తొమ్మిది పలకరింపులు.

మన హాస్టళ్లలో ఏం చేస్తాం? ప్రయత్నించి బతికిన పిల్లని తల్లిదండ్రుల్ని పిలిపించి ఇంటికి పంపేస్తాం. "పూర్తిగా కోలుకున్నాక రండి" అంటాం. గది ఖాళీ చేయిస్తాం. ఎక్కువ ప్రమాదం ఉన్న రోజుల్లో మనిషిని కళ్లముందు నుంచి పంపేసి, దానికి జాగ్రత్త అని పేరు పెడతాం. ఆ జాగ్రత్త పిల్లకి కాదు, సంస్థకి.

మూడోది మన పక్కనున్న శ్రీలంక. 1995 నుంచి అతి విషపూరితమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చింది. పదేళ్లలో ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. ఎవరికీ క్లాసు పీకలేదు, ప్రతిజ్ఞలు చేయించలేదు. చట్టం మార్చారు. నాలుగోది ఇండోనేషియా. పేద కుటుంబాలకు ప్రభుత్వం నేరుగా నగదు ఇచ్చిన ప్రాంతాల్లో ఆత్మహత్యలు 18 శాతం తగ్గాయని ఆర్థికవేత్తలు 2019లో లెక్కగట్టారు. ఆ నగదు పథకం పేరులో ఎక్కడా ఆత్మహత్యల నివారణ అనే మాట లేదు.

ఐదోది మనకి ఇంకా దగ్గర. తమిళనాడులో బోర్డు పరీక్ష తప్పినవాళ్లు ఏడాది పోకుండా నెల రోజుల్లోపే మళ్లీ రాసుకునే ఏర్పాటు చేశాక, పరీక్ష తప్పి ప్రాణం తీసుకునేవాళ్లు అక్కడ తగ్గుతూ వచ్చారు. దీనికి తిరగేసిన బొమ్మ 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో చూశాం. ఇంటర్ ఫలితాల్లో తప్పుల మీద తప్పులు. ఒక అమ్మాయికి తెలుగులో 99 వస్తే మెమోలో సున్నా పడింది. తెలుగు టీచర్‌గా ఆ సున్నా నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఫలితాలొచ్చిన కొద్ది రోజుల్లోనే ఇరవైమందికి పైగా పిల్లలు పోయారు. అప్పుడు ప్రభుత్వం ఫెయిలైనవాళ్లందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ పరిశీలించమంది. ఆ పని ఫలితాలకి ముందే సరిగ్గా చేసి ఉంటే, అది ఆ ఏడాది రాష్ట్రంలో జరిగిన అతి పెద్ద ఆత్మహత్యల నివారణ కార్యక్రమం అయ్యేది. దానికి ఫ్లెక్సీ అక్కర్లేదు. మార్కులు సరిగ్గా ఎక్కించేవాళ్లు చాలు.

ఈ ఐదింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పిల్లాడి బుర్రలో ఆలోచన మార్చమని ఏదీ చెప్పట్లేదు. కొన్ని మనిషి చుట్టూ ఉన్న పరిస్థితిని మార్చాయి. కొన్ని మనిషిని మనిషితో కలిపి ఉంచాయి. మన సంస్థలు ఈ రెండూ వదిలేసి మూడోది పట్టుకున్నాయి, ఎందుకంటే అది చవక. పాజిటివ్ థింకింగ్‌కి బడ్జెట్ అక్కర్లేదు, ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. తప్పు పిల్లాడి ఆలోచనలో ఉందని ఒప్పుకుంటే రిజిస్ట్రార్ టేబుల్ మీద ఫైలు ఎన్ని నెలలు పడుకుందో ఎవరూ అడగరు.

కాగితాలు లేవా అంటే బోలెడున్నాయి. కార్పొరేట్ కాలేజీల మరణాల మీద 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ. ఎయిమ్స్‌లో కుల వివక్ష మీద 2007లో థోరట్ కమిటీ. ప్రతి యూనివర్సిటీలో సమాన అవకాశాల సెల్, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని 2012లో యూజీసీ నియమాలు. 2022లో జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం, 2030కి మరణాలు పది శాతం తగ్గిస్తామని. అదే ఏడాది టెలీమానస్, అంటే 14416. 2025 మార్చిలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన టాస్క్‌ఫోర్స్ వేసింది. జులైలో, విశాఖలో నీట్‌కి చదువుతూ 2023లో చనిపోయిన ఒక అమ్మాయి కేసులో పదిహేను మార్గదర్శకాలిచ్చింది. వందమంది పిల్లలున్న ప్రతి సంస్థలో ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలట. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీయకూడదట. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలతో వివక్ష లేకుండా మెలగడం సిబ్బందికి నేర్పాలట. మంచి మాటలు. మా కాలేజీలో 1500 మందికి ఉన్న కౌన్సెలర్ నేనే. నా అర్హత దళిత కవిత్వం మీద పీహెచ్‌డీ.

సరే, రేపే ఒక నిజమైన కౌన్సెలర్ వచ్చారనుకుందాం. సరిపోతుందా?

జాషువా గారి 'గబ్బిలం' మనందరికీ తెలుసు. 1941 నాటి కావ్యం. గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి తన బాధని గబ్బిలంతో శివుడికి చెప్పి పంపుతాడు. పాఠం చెప్పేటప్పుడు నేను పిల్లల్ని అడుగుతాను, గబ్బిలమే ఎందుకు? ఓపిగ్గా వింటుందనా? అది సగమే. తను వెళ్లలేని చోటికి అది వెళ్లగలదు. పూజారి లేని వేళ చూసి చెవిలో చెప్పగలదు. విని ఊరుకునే గబ్బిలంతో అతనికేం పని?

మన కౌన్సెలింగ్ సెంటర్లలో గబ్బిలానికి రెక్కలు కత్తిరించారు. పిల్ల వెళ్లి, ఏడు నెలలుగా ఫెలోషిప్ రాలేదనో, గైడ్ రెండేళ్లుగా చాప్టర్ చూడట్లేదనో, ల్యాబ్‌లో కులం పేరుతో వెక్కిరిస్తున్నారనో చెప్తుంది. కౌన్సెలర్ వింటారు, శ్వాస మీద ధ్యాస పెట్టమంటారు. ఆ మాట ఫెలోషిప్ సెక్షన్‌కి వెళ్లదు, డీన్‌కి వెళ్లదు. పేరు బయటపెట్టకూడదు, నిజమే. కానీ పేరు లేకుండానే "ఈ నెలలో నా దగ్గరికొచ్చిన ఇరవైమందిలో పదకొండుమంది చెప్పింది డబ్బు ఆలస్యం గురించి" అని వీసీ టేబుల్ మీద పెట్టొచ్చు కదా? అలా పెట్టే అధికారం కౌన్సెలర్‌కి ఎక్కడుంది?

2008లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సెంథిల్ కుమార్ పోయాడు. ఫిజిక్స్ పరిశోధకుడు, గైడ్‌ని కేటాయించలేదు. 2016 జనవరి 17న రోహిత్ వేముల. అతన్నీ మరో నలుగురినీ హాస్టల్ నుంచి సస్పెండ్ చేశారు, వాళ్లు వెలివాడ వేసుకుని బయట పడుకున్నారు. ఈ ఇద్దరి విషయంలో ఏ కౌన్సెలర్ ఏ మాట చెప్తే గైడ్ వచ్చేవాడు, ఏ మాట చెప్తే సస్పెన్షన్ పోయేది? 2019లో ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వి చనిపోయాక రోహిత్ అమ్మ రాధిక గారు, పాయల్ అమ్మ ఆబేదా గారు కలిసి సుప్రీంకోర్టుకి వెళ్లారు. వాళ్లు అడిగింది 2012 నియమాలు అమలు చేయమని. ఇద్దరు తల్లులకి అర్థమైంది ఇన్ని కమిటీలకి అర్థం కాలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. "అన్నిటికీ కులమేనా మేడమ్? అగ్రకులాల పిల్లలు పోవట్లేదా? డిప్రెషన్ అనే జబ్బు లేదా?" ఉంది. జబ్బు ఉంది, మందు ఉంది, మందు వాడితే తగ్గుతుంది. అన్ని కులాల పిల్లలూ పోతున్నారు, ఎవరి బిడ్డైనా బిడ్డే. స్కాలర్‌షిప్ పడినంత మాత్రాన అందరూ బతుకుతారని నేననట్లేదు. ఈ విషయంలో మనవాళ్లలోనూ ఒక మొండితనం ఉంది. "మన బాధ సామాజికం, మాత్రలతో తగ్గేది కాదు" అని సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లే తమ్ముణ్ణి చిన్నచూపు చూసినవాళ్లం మనం. అవమానం వల్ల అల్సర్ వస్తే మాత్ర వేసుకోమా? అవమానం మీద పోరాటం వేరే చేస్తాం, మాత్ర కూడా వేసుకుంటాం. డాక్టర్ కావాలి, రిజిస్ట్రార్ జవాబూ కావాలి. ఒకటి చూపించి రెండోది ఎగ్గొట్టొద్దనే నా వాదన.

ఇప్పుడు మన వైపు తిరుగుతాను. ఇది రాయడం కష్టంగా ఉంది.

2016లో నేను పీహెచ్‌డీ చేస్తున్నా. జనవరి 17 తర్వాత మా క్యాంపస్‌లోనూ టెంటు వేశాం. రాత్రంతా పాటలు, కవితలు. నేనూ రాశాను. చావుని చుక్కలతో పోల్చి, పోయినవాడే గెలిచాడన్నట్టు రాశాను. బాగా చప్పట్లు పడ్డాయి. ఆ రాత్రి మా హాస్టల్ జూనియర్ ఒకమ్మాయి టీ తాగుతూ మామూలుగా అన్నట్టే అంది, "అక్కా, నేను పోయినా నా మీద ఇలాగే రాస్తారు కదా?"

నాకు చేతులు చల్లబడ్డాయి. ఆ రాత్రి ఆ పిల్ల గదిలోనే పడుకున్నా. ఆ తర్వాత రెండు నెలలు ముగ్గురం వంతులేసుకుని తనతో ఉన్నాం, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, బాగుంది. కానీ ఆ మాట అనకపోయుంటే? నా కవిత విని చప్పట్లు కొట్టి గదికి వెళ్లిపోయుంటే?

1987లో వియన్నా నగరంలో ఆత్మహత్య వార్తలు రాసే పద్ధతి మార్చుకున్నారు. పెద్ద హెడ్డింగులు, చనిపోయిన తీరు వర్ణించడం మానేశారు. ఆ తర్వాత అక్కడి మెట్రోలో ఆత్మహత్యలు బాగా తగ్గాయి. మనం పత్రికల్ని తిడతాం, మన గోడల మీద మనమేం రాస్తున్నామో చూసుకోం. ఆఖరి ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ షేర్ చేస్తాం. ఫొటో చుట్టూ కాంతి గీస్తాం. 'ఇది ఆత్మహత్య కాదు, వ్యవస్థ చేసిన హత్య' అంటాం. ఆ మాట నేనూ అంటాను, జవాబుదారీ అడగడానికి అంతకంటే సరైన మాట లేదు. కానీ అది పోయినవాళ్ల తరఫు మాట. రాత్రి రెండింటికి నిద్రపట్టక ఫోన్ చూస్తున్న బతికున్న పిల్లకి ఆ మాట ఏం చెప్తుంది? "నీ కష్టం గురించి అడగాలంటే ముందు నువ్వు పోవాలి" అని చెప్తే, మనమూ ఆ వ్యవస్థ పనే చేసినట్టు. బతికున్న మనిషి దరఖాస్తు చుట్టూ టెంటు వేయడం మనం నేర్చుకోవాలి. స్కాలర్‌షిప్ ఆగిన మూడో నెలలోనే ధర్నా జరగాలి. సంతాపసభ దాకా ఆగకూడదు.

అందుకే విద్యార్థి సంఘాల తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక పని చెప్తున్నా. మీ కాలేజీలో ఆత్మహత్యల నివారణ ఎలా ఉందో హాజరుతో కొలవొద్దు. ఈ ఐదు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి, అవసరమైతే సమాచార హక్కు కింద అడగండి.

ఒకటి. ఈ ఏడాది ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల స్కాలర్‌షిప్, ఫెలోషిప్ ఏ తేదీకి రావాలి, ఏ తేదీకి వచ్చింది? మధ్యలో ఎన్ని రోజులు? ఆ రోజుల్లో ఫీజు కట్టలేదని ఎంతమందికి హాల్‌టికెట్, మెస్, సర్టిఫికెట్ ఆపారు?

రెండు. గైడ్ మార్పు కోసం, వివక్ష మీద వచ్చిన ఫిర్యాదులెన్ని? ఒక్కోటి తేలడానికి పట్టిన రోజులెన్ని? ఫిర్యాదులు సున్నా అని గర్వంగా చెప్తే నమ్మొద్దు. సున్నా అంటే వివక్ష లేదని కాదు, ఆ గది తలుపు ఎవరూ తట్టట్లేదని.

మూడు. కౌన్సెలర్ దగ్గరికి మొదటిసారి వెళ్లినవాళ్లలో రెండోసారి వెళ్లినవాళ్లెంతమంది? నమ్మకానికి ఇంతకంటే మంచి కొలత నాకు దొరకలేదు.

నాలుగు. సస్పెన్షన్, డిటెన్షన్, హాస్టల్ నుంచి పంపేయడం లాంటి ఆర్డర్ ఇచ్చే ముందు, ఇచ్చిన తర్వాత ఆ విద్యార్థితో మాట్లాడింది ఎవరు? పేరు, తేదీ.

ఐదు. ప్రయత్నించి బతికిన విద్యార్థిని, మధ్యలో మానేసిన విద్యార్థిని ఎన్నిసార్లు పలకరించారు? తొమ్మిది అంటే సంతోషం. ఒక్కసారైనా?

ఈ ఐదింటి జవాబులు ఏడాదికేడాది మారుతుంటే కార్యక్రమం పనిచేస్తోందని అర్థం. ఇవి మారకుండా ఫ్లెక్సీలు మారుతుంటే, మారుతున్నది ఫ్లెక్సీలే.

చివరిగా ఆ అబ్బాయి సంగతి. "అప్పుడప్పుడు" అన్నాక నేను ఉపదేశం చేయలేదు, నాకు భయమేసింది. ఫోన్ పెట్టేయకుండా, దగ్గర్లో ఎవరున్నారని అడిగాను. వాళ్ల అక్క గుంటూరులోనే ఉంటుందన్నాడు. అతన్ని అడిగే ఆమెకి ఫోన్ చేశాను. ఆ రాత్రి ఆమె వచ్చి తమ్ముణ్ణి ఇంటికి తీసుకెళ్లింది. మర్నాడు ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీకి వెళ్లారు. ఇక్కడ మా ఎగ్జామ్ సెక్షన్ క్లర్కు గారు ఒక మాట చెప్పారు: "మేడమ్, ప్రిన్సిపాల్ గారు లెటరిస్తే స్కాలర్‌షిప్ పెండింగ్ కింద ఫైన్ లేకుండా పంపొచ్చు, ఎవరూ అడగరు కాబట్టి మేం చెప్పం." ఆ లెటర్ రాయడానికి పది నిమిషాలు పట్టింది. పాత ఫైళ్లు తీయించి చూస్తే పోయిన మూడేళ్లలో అలాంటి లెటర్ ఒక్కటీ లేదు.

పది నిమిషాల లెటర్, ఒక అక్క, ఒక డాక్టర్, వారానికి రెండు ఫోన్లు. ఇదంతా రిపోర్టులో ఎక్కడ రాయాలో నాకు తెలియలేదు, అలాంటి గడి లేదు. ఈసారి రిపోర్టుకి వెనక ఒక తెల్లకాగితం జతచేశాను: స్కాలర్‌షిప్ పెండింగ్ వల్ల పరీక్ష ఫీజు కట్టలేకపోయినవాళ్లు ఎంతమంది, అందులో ఎంతమందికి లెటర్ ఇచ్చాం. మొదటి అంకె ముప్పై ఏడు. రెండోది ఆ రోజుకి ఒకటి. ఇది రాస్తున్న రోజుకి ఇరవై తొమ్మిది.

మిగిలిన ఎనిమిదిమందిలో ఐదుగురి ఫోన్ నంబర్లు పనిచేయట్లేదు. ఈ ఆదివారం వాళ్ల ఊళ్లకి వెళ్తున్నాం. నేను, ఇద్దరు సీనియర్ విద్యార్థులు, ఆ అబ్బాయి. తనే వస్తానన్నాడు.

మీ కాలేజీలో ఆ అంకె ఎంతో కనుక్కోండి. వచ్చే వారం సిలబస్ సంగతి కొనసాగిద్దాం.

జై భీమ్.